మస్తాన్ గారి ఎడమచేయి

నిన్న మధ్యాహ్నం ముందుగదిలో కూర్చుని చదువుకుంటుంటే గడియారం వెనక నుంచి బల్లి పలికింది. టిక్, టిక్, టిక్. వంటింట్లో అమ్మ ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ, ఆ మాట మధ్యలోనే గట్టు మీద వేలితో తట్టి "సత్యం" అనుకుంది. నాకు మాత్రం భయమేసింది. చేతులు వాటంతట అవే పుస్తకాన్ని వదిలి తొడల కిందికి దూరిపోయాయి. బల్లి అని తెలుసు. తెలిసినా చేతులు బయటికి తీయలేదు. ఆ చప్పుడుకు నేను మొదటిసారి భయపడింది బల్లి నోట విని కాదు, ఒక పాత కంప్యూటర్ డిస్కు లోపలి నుంచి విని. అలాంటప్పుడు చేతుల్ని తొడల కింద పెట్టుకోమని నేర్పినవారు మస్తాన్ వలీ గారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన నేర్పిన భయం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

మాది మంగళగిరిలో మగ్గాల వీధి. నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా శాఖా గ్రంథాలయం చలవ. దినపత్రికల బల్ల దాటి లోపలి బీరువాల దాకా వెళ్లే ఆడపిల్లను నేనొక్కదాన్నే. అక్కడ అట్ట చిరిగిన ఒక లావుపాటి ఇంగ్లీషు కంప్యూటర్ పుస్తకాన్ని, పక్కన నిఘంటువు పెట్టుకుని, రెండు వేసవికాలాల్లో పూర్తి చేశాను. చివరి పేజీ చదివిన రోజున నాకు తెలియనిది లేదనే అనుకున్నాను. ఆ గర్వంతోనే గుంటూరు బ్రాడీపేటలో మేడమీద ఉన్న మస్తాన్ గారి కొట్టు మెట్లెక్కి, పని నేర్చుకుంటానని అడిగాను. అది తొంభైల ఆఖరు.

నేను వెళ్లేసరికి ఆయన మిరపయార్డు ఆఫీసు నుంచి వచ్చిన ఒక కంప్యూటర్ మూత విప్పుతున్నారు. మూత లేవగానే లోపలి నుంచి ఎర్రటి దుమ్ము లేచింది. ఇద్దరం ఒకరి తర్వాత ఒకరం తుమ్మాం, కళ్లు తుడుచుకున్నాం. ఆయన ముందు రోజుల్లో పొలాల మోటార్లకు వైండింగ్ చేసేవారట. ఆ అలవాటు పోలేదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను డిస్కు మీద పెట్టి, చెక్కపిడిని చెవి వెనక ఎముకకు ఆనించి, కళ్లు మూసుకుని విన్నారు. డిస్కు పరీక్షించడానికి ఏ ఆదేశం ఇవ్వాలో మా పుస్తకంలో ఉందని నేను గబగబా చెప్పాను.

"ఎక్కడి పుస్తకం?"

"మా ఊరి లైబ్రరీదండి."

"సరే లైబ్రరీ గారూ, ఆదేశం తర్వాత ఇద్దాంలే. ముందు ఇలా వచ్చి దీని దగ్గు విను."

ఆ రోజు నుంచి ఆయనకు కోపం వచ్చినా నవ్వు వచ్చినా నేను లైబ్రరీ గారినే. మామూలుగా ఉన్నప్పుడు అమ్మాయ్ అనేవారు. వారానికి మూడు రోజులు బస్సులో వెళ్లి ఆయన దగ్గర కూర్చునేదాన్ని. ఆయన పాఠం చెప్పినట్టు ఎప్పుడూ చెప్పలేదు. నేను తొందరపడి మీటల మీదకు చేయి చాపినప్పుడల్లా స్క్రూడ్రైవర్ పిడితో వేళ్ల మీద మెల్లగా తట్టేవారు. "భయమేసినప్పుడు ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది అమ్మాయ్. అప్పుడు చేసే పనే ముంచుతుంది. చేతుల మీద కూర్చో. బుర్ర తిరిగొచ్చాక లే." ఇంత చిన్న సంగతి ఏ పుస్తకంలోనైనా ఉంటుందిలే అని నేను అనుకునేదాన్ని.

నాన్న చీరల అంచులకు గ్రాఫు కాగితం మీద డిజైన్లు గీసేవాడు. ఒక్కో గడి ఒక్కో పోగు. నలభై ఏళ్ల పాటు గీసిన ఆరొందల పైచిలుకు కాగితాలు చెక్కపెట్టెలో ఉండేవి. నాన్న చేతులు వణకడం మొదలై గీత ఆగిపోయిన ఏడాదే ఆ పెట్టెకు చెద పట్టింది. ఉన్నవన్నీ ఒక్కొక్కటే స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. వాటిని దాచడానికి మస్తాన్ గారు పాత భాగాలు కూర్చి మా ఇంటికొక సర్వర్ తయారు చేశారు. దానికి రెండు డిస్కులు. ఒకదాని మీద ఏది రాస్తే రెండో దాని మీదా అదే పడుతుంది. ముందుగదిలో, మగ్గం గుంటకు దూరంగా, నూలు దుమ్ము చేరకుండా ఎత్తైన బల్ల మీద పెట్టాం. వీధిలో మరో రెండిళ్ల కంప్యూటర్లకు దాని నుంచి తీగ లాగాం. అది పగలూ రాత్రీ ఆగకుండా తిరిగేది. చెద తిన్న కాగితాలను "ఇంకెందుకు నాన్నా" అని నీళ్లపొయ్యిలో పెట్టించినదాన్ని నేనే. మొదట్లో సీడీలు కూడా రాసి ఉంచేదాన్ని. రెండు డిస్కులున్నాయి కదా అని తర్వాత మానేశాను. రాసినవి వేసవి ఎండలకు పొరలు లేచి పాడయ్యాయి.

"రెండో డిస్కు అద్దం లాంటిది," అన్నారు మస్తాన్ గారు. "నువ్వు చెరిపితే అదీ చెరిపేస్తుంది. వేరే ఇంట్లో ఇంకో నకలు పెట్టు."

"పెడతానండి," అన్నాను. పెట్టలేదు.

రెండువేల ఆరులో దసరా రంజాన్ నెలలో వచ్చింది. పండుగకు వారం ముందు రెండు డిస్కుల్లో ఒకటి చెడిపోయింది. మస్తాన్ గారు వచ్చి దాన్ని విప్పి తీసుకుపోయారు. కొత్తది పండుగ వెళ్లాకే వస్తుందట. వెళ్తూ గుమ్మంలో ఆగి, మిగిలిన డిస్కు వైపు వేలు చూపించి, "ఇది ముసలిది. తిరుగుతున్నంత సేపూ తిరుగుతుంది. ఆపితే మళ్లీ లేస్తుందన్న నమ్మకం లేదు. నేనొచ్చేదాకా ఆపకు," అని గట్టిగా చెప్పారు.

ఆయుధపూజ నాడు మా వీధిలో ఏ మగ్గమూ ఆడదు. మగ్గం కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, ఆ రోజంతా పనిముట్టుకు విశ్రాంతి ఇస్తాం. నాన్న పూజ ముగించి సర్వర్ ముందు నిలబడ్డాడు.

"ఇదేమ్మా, ఇంకా గుర్రుమంటోంది? మగ్గానికి సెలవిచ్చి దీనికి ఇవ్వవా? ఏడాదికి ఒక్క రోజు."

మస్తాన్ గారి మాట గుర్తుకు రాలేదని చెప్పను. వచ్చింది. కానీ పద్ధతి ప్రకారం ఆపితే డిస్కుకు ఏ హానీ జరగదని పుస్తకంలో చదివాను. పుస్తకం ముందు ఒక మోటార్ వైండింగ్ మనిషి మాట ఎంతని నా మనసులో ఒక మూల ఉండే ఉంటుంది. పద్ధతి ప్రకారమే ఆపాను. అమ్మ దానికి కుంకుమ బొట్టు పెట్టింది. ఇన్నేళ్లలో మొదటిసారి ముందుగది నిశ్శబ్దమైంది.

మర్నాడు పొద్దున్న మీట నొక్కాను. టిక్, టిక్, టిక్. ఆగింది. మళ్లీ నొక్కాను. అదే చప్పుడు. మూడోసారి నొక్కాను. పుస్తకం తెరిచి వేలితో వరసలు వెతికాను. డిస్కును మరమ్మతు చేసే ఆదేశం ఉంది. కానీ దాన్ని ఇవ్వాలన్నా ముందు డిస్కు లేవాలి. నాలుగోసారి నొక్కాను. వెనక నాన్న వచ్చి నిలబడ్డ సంగతి నాకు తెలియదు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు నాన్నా."

"మొహం అలా ఉందేం?"

"ఏం లేదన్నానుగా."

ఆయన వెళ్లిపోయాడు. వేలు ఐదోసారి మీట మీదకు వెళ్లింది. అప్పుడే ఆ వేళ్ల మీద చెక్కపిడి తట్టినట్టనిపించింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఏమీ చేయకుండా కూర్చోవడం అంత కష్టమని అంతకుముందు తెలియదు. బుర్ర తిరిగొచ్చాక తీగ పీకి, డిస్కు విప్పి, మగ్గం మీద నుంచి కోసిన పాత గుడ్డలో చుట్టి గుంటూరు బస్సెక్కాను. ఒళ్లో పెట్టుకుంటే గోతులకు అదురుతోందని, దారి పొడుగునా రెండు చేతులతో గాలిలో ఎత్తి పట్టుకున్నాను. పక్కసీటు ఆవిడ చూసి చూసి, "పిట్టపిల్లేమో అనుకున్నా. ఏమ్మా, ఏముంది అందులో?" అంది. మా నాన్న చేతులున్నాయని చెప్పబోయి ఊరుకున్నాను.

మస్తాన్ గారు రోజా ఉపవాసంలో ఉన్నారు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మూట చూడగానే ఆయనకు అర్థమైంది.

"ఆపావా?"

తలూపాను.

"ఎన్నిసార్లు ఆన్ చేశావ్?"

"రెండు... మూడుసార్లండి."

ఆయన నా వైపే చూస్తూ ఉండిపోయారు.

"నాలుగు," అన్నాను.

తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. ఒక్కసారి కరెంటు ఇచ్చి, స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి విన్నారు. "మోటారు బిగుసుకుంది. తిరగాలనే చూస్తోంది పాపం, తిరగలేకపోతోంది. లేస్తే ఒక్కసారే లేస్తుంది. లేచాక మధ్యలో ఆగిందా, ఇక నేనూ ఏం చెయ్యలేను, నీ పుస్తకమూ ఏం చెయ్యలేదు." ఆ వారం లైను పనులని మధ్యాహ్నం కరెంటు తీసేస్తున్నారు. కింద డాక్టరు గారి క్లినిక్‌లో జనరేటర్ ఉంది. దాని నుంచి మెట్ల మీదుగా తీగ లాగుతుంటే కాంపౌండరు గొడవ పెట్టుకున్నాడు.

"మస్తాన్ గారూ, ఈ వైరు తట్టుకుని పేషెంటు పడి కాలు విరిగితే ఎవరిదండీ పూచీ?"

"విరిగితే కట్టు కట్టేది మీరేగా. దూరం పోనక్కర్లేదు, రోగికీ సుఖమే."

నేను నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. డిస్కును ఎడమ అరచేతిలోకి తీసుకుని, కుడిచేత్తో కరెంటు ఇస్తూ, అదే క్షణాన తాళం తిప్పినట్టు ఎడమ మణికట్టును చటుక్కున తిప్పారు. టిక్. మళ్లీ టిక్. తర్వాత సన్నగా మూలిగి, ఆ మూలుగు మెల్లగా ఈలగా మారింది. డిస్కు లేచింది.

"మరమ్మతు చేసే ఆదేశం..." అన్నాను.

"మంచం దిగలేనివాడికి కసరత్తు చేయిస్తావా? ముందు ఉన్నది ఉన్నట్టు ఇంకో డిస్కులోకి ఎత్తుకుందాం. పోయినచోట పోనీ. బాగుచేసుకునేదేమన్నా ఉంటే నకలు మీద చేసుకోవచ్చు."

బల్ల మీద పడుకోబెడితే డిస్కు మూలిగింది. నిలువుగా పట్టుకుంటే తేలికపడింది. అందుకని ఆయన ఎడమచేతిలోనే నిలువుగా పట్టుకుని కూర్చున్నారు. తెర మీద అంకె మెల్లగా పెరుగుతోంది. నూటికి ఆరు, ఏడు. రెండింటికి కరెంటు పోయింది. కింద జనరేటర్ అందుకునేలోపు ఆయన పాత యూపీఎస్ కీచుమని అరిచింది. "నేను పట్టుకుంటానండి," అని చేయి చాపితే, "నీ చెయ్యి వణుకుతోంది," అన్నారు.

నలభై దాటాక, తెర మీద నుంచి చూపు తిప్పకుండా, నేను అడగకుండానే చెప్పారు. గుంటూరు రాకముందు ఆయన కొట్టు ఒంగోలులో ఉండేది. ఒక ఫొటో స్టూడియో డిస్కు మరమ్మతుకు వచ్చింది. చీమకుర్తి క్వారీలో రాయి మీద పడి చనిపోయిన ఒక ఒరిస్సా కూలీ ఫొటో అందులో ఉంది. అతని ఫొటో లోకంలో అదొక్కటే. భార్య స్టూడియో మెట్ల మీద కూర్చుని ఉంది. ఆమెను చూసి ఈయనకు కంగారు పుట్టింది. నకలు తీయకుండా మరమ్మతు ఆదేశం ఇచ్చారు. అది డిస్కంతా తుడిచిపెట్టింది.

"అది తప్పే. తప్పులు అందరూ చేస్తారు. కానీ నేను బయటికొచ్చి, డిస్కు నా దగ్గరికి వచ్చేసరికే పోయిందమ్మా అని చెప్పాను. ఆవిడ నమ్మింది. పైగా రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి వెళ్లింది." తెర మీద అంకె ఒకటి పెరిగింది. "ఆ దణ్ణానికి భయపడి ఊరు వదిలేశాను. ఇంకా ఒంగోలు బస్సు ఎక్కలేను."

పొద్దు వాలి, మసీదు నుంచి అజాన్ వినిపించింది. బల్ల మీద కాగితంలో ఖర్జూరాలున్నాయి. ఆయన కుడిచేయి చాపి, "ఒకటి అందించు," అన్నారు. అప్పుడు అర్థమైంది, మొదట్లోనే డిస్కును ఎడమచేతిలోకి ఎందుకు తీసుకున్నారో. సాయంత్రం దాకా దించే వీలుండదని, రోజా విడవడానికి కుడిచేయి కావాలని ఆయనకు అప్పుడే తెలుసు. కుడిచేత్తో ఖర్జూరం తిని, నేను పట్టిన గ్లాసుతో నీళ్లు తాగారు. ఎడమచేయి కదలలేదు. వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

నూటికి తొంభై ఎనిమిది దగ్గర ఈల తెగింది. టిక్, టిక్. తర్వాత ఏమీ లేదు. ఆయన వేళ్లను ఒక్కొక్కటే విప్పి డిస్కును బల్ల మీద పెట్టారు. నకలు తెరిచి సరిచూసుకుంటే పదకొండు డిజైన్లు లేవు. నేను ఏడ్చాను. ఏడుపు తగ్గేదాకా ఆగారు.

"మీ నాన్నకి ఏం చెప్పొచ్చావ్?"

"ఏం లేదని చెప్పానండి."

"ఇంటికెళ్లి కాళ్లు కడుక్కునేలోపే చెప్పు. ఆలస్యమైతే చెప్పలేవు. నాకు తెలుసు."

చెప్పాను. చెప్పులు విప్పకుండా, గుమ్మంలో నిలబడే చెప్పాను. ఆపొద్దన్నారని, తెలిసే ఆపానని, పొద్దున్న అబద్ధం చెప్పానని. ఏవేవి పోయాయో చెప్పమన్నాడు నాన్న. మర్నాటి నుంచి ఆయన కళ్లు మూసుకుని పోగుల లెక్క చెబుతుంటే నేను గళ్లు నింపాను. పది వచ్చాయి. పదకొండోది జొన్నకంకి అంచు. ఎప్పుడో ఒకే ఒక్క చీరకు నేశాడట.

"ఏడు పోగులు వదిలి... కాదు, తొమ్మిది..." అని ఆగాడు. వణుకుతున్న వేలితో గాలిలో ఏదో గీశాడు. మళ్లీ మొదలుపెట్టాడు. అమ్మకు రంగు గుర్తుంది, పండుమిరప రంగు. గీత గుర్తులేదు. నాన్న కళ్లు తెరిచి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఇంట్లో చీకట్లో చేయి పెట్టినచోట గోడ లేకపోతే మనిషి ఎలా చూస్తాడో అలా చూశాడు. అంతవరకూ నేను పడిన భయమంతా తిట్లకే. భయమంటే ఏమిటో ఆ చూపులో తెలిసింది.

మస్తాన్ గారు పోయాక ఆయన స్క్రూడ్రైవర్‌ను వాళ్లమ్మాయి నాకిచ్చింది. ఇప్పుడు నాన్న డిజైన్లకు మూడిళ్లలో మూడు నకళ్లున్నాయి. నెలనెలా తెరిచి చూస్తాను. అందులో జొన్నకంకి అని పేరు పెట్టిన కాగితం కూడా ఉంది. గళ్లు తప్ప ఏమీ లేని కాగితం. ప్రతిసారీ దాన్నీ తెరుస్తాను, ఖాళీగానే ఉందని చూసుకుంటాను, మిగతా వాటితో పాటు దానికీ మూడు నకళ్లు తీస్తాను.

నిన్న బల్లి మళ్లీ పలకలేదు. చేతులు తిమ్మిరెక్కేదాకా అలాగే కూర్చుని, అప్పుడు లేచి వెళ్లి సర్వర్‌కు చెవి ఆనించాను. తిరుగుతోంది.