హ్యామ్‌కి నలుగు పెట్టిన క్రిస్మస్

ఇది ఒక మహాగాథ. ఇందులో కత్తులున్నాయి, నిప్పుంది, కొంత రక్తం కూడా ఉంది. ఒక వృద్ధురాలి సామ్రాజ్యం చేజారిపోయే ప్రమాదం ఉంది. కాస్త సర్దుకుని కూర్చోండి.

నిజం చెప్పాలంటే, ఆ రక్తం నా బొటనవేలిది; చిన్న ప్లాస్టర్ వేస్తే ఆగిపోయింది. నిప్పు అంటే కరెంటు అవెన్. సామ్రాజ్యం అంటే మౌంట్ ఆల్బర్ట్‌లో మూడు పడగ్గదుల చెక్క ఇల్లు, వెనకాల ఒక నిమ్మచెట్టు. ఇక గాథ మొత్తం, ఎవరో ముందే వండేసిన పంది తొడని మేం మళ్లీ వేడి చేయడం గురించి.

ఆ ఇల్లు మా ఫ్లాట్ పక్కనే ఉండే ఆంటీది. మన ఆంటీ కాదు, కివీ ఆంటీ, అంటే ఇక్కడి న్యూజిలాండ్ మనిషే. డెబ్బై దాటాయి. భర్త పోయాక ఒక్కతే ఉంటుంది. నన్ను "లవ్" అని పిలుస్తుంది. మొదటిసారి విన్నప్పుడు కంగారుపడ్డాను. పార్సిల్ తెచ్చే అబ్బాయినీ, మా ఇంట్లోకి దూరే పిల్లినీ కూడా అలాగే పిలుస్తుందని తెలిశాక మనసు కుదుటపడింది. కొద్దిగా చిన్నబోయింది కూడా.

చదువుకోడానికి వచ్చిన కొత్తలో, నా మొదటి చలికాలం, నేను స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని ఇంట్లోనే వణుకుతుంటే వేడినీళ్ల రబ్బరు సంచి తెచ్చిచ్చింది ఈవిడే. పొద్దున్నే కిటికీ అద్దాల లోపలివైపు చెమ్మ తుడుచుకోకపోతే గోడలకి బూజు పడుతుందని చెప్పిందీ ఈవిడే. ఏటా జామకాయల్లాంటి ఫీజోవా పళ్లు కాసినప్పుడు కంచె మీంచి బకెట్లతో అందిస్తుంది. వద్దనడం ఎలాగో నాకు ఇప్పటికీ తెలీదు. అన్నిటికంటే పెద్ద సాహసం, నాకు డ్రైవింగ్ నేర్పడం. తన పాత కారులో నా పక్కన కూర్చుని, రౌండబౌట్ వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని, నేను బాగానే నడుపుతున్నానని, మిగతా బళ్లే అడ్డం వస్తున్నాయని ధైర్యం చెప్పేది. ఆ ధైర్యంతోనే రెండుసార్లు ఫెయిలై, ఆ తర్వాత పాసయ్యాను.

ఆ నవంబరులో వానకి తడిసిన వెనక మెట్ల మీద జారి, ఆవిడ కుడి మణికట్టు విరిగింది. నాకు వినబడింది సాయం కోసం పెట్టిన కేక కాదు. ఎవరినో తిడుతున్న గొంతు. వెళ్లి చూస్తే తిట్టేది మెట్టుని. ఆవిడ కారులోనే ఆవిడని హాస్పిటల్‌కి తీసుకెళ్లాను. దారంతా విరిగిన చేతిని మరో చేత్తో పట్టుకుని, ఇండికేటర్ వెయ్యమని గుర్తుచేస్తూనే ఉంది.

కట్టు కట్టించుకుని వచ్చాక హామిల్టన్ నుంచి కొడుకు వచ్చాడు. మంచి మనిషి. అదే ఇబ్బంది, చెడ్డవాడైతే తిట్టుకోవడం సులువయ్యేది. అమ్మ ఇక ఒంటరిగా ఉండటం కుదరదు, ఇల్లు అమ్మేసి తమ దగ్గరికి వచ్చేయాలి, క్రిస్మస్‌కి వచ్చినప్పుడు తేల్చేద్దాం అని చెప్పి వెళ్లాడు. క్రిస్మస్ భోజనం కూడా ఈసారికి ఏదో హోటల్లో కానిచ్చేద్దామన్నాడట.

ఆ సాయంత్రం ఆంటీ నన్ను పిలిచి కూర్చోబెట్టింది. పెళ్లైన నాటి నుంచి ప్రతి క్రిస్మస్‌కీ ఆ ఇంట్లో భోజనాల బల్ల మీదే హ్యామ్, అంటే ఆ పంది తొడ, పెట్టిందట.

"ఈసారి పెట్టలేకపోతే వాడు చెప్పిందే నిజమైపోతుంది, లవ్. నాకు చేతులు కావాలి. బుర్ర నా దగ్గరుంది."

నా దగ్గర రెండే చేతులున్నాయనీ, వాటికి ఆమ్లెట్ దాటి ఏదీ రాదనీ చెప్పాను. అందుకని మా ఫ్లాట్‌మేట్ చేతులు కూడా కలిపాను. వాడిది గుంటూరు. మా ఇంట్లో వంట శాఖ వాడిదే. పంది మాంసం మాత్రం ముట్టడు. విషయం చెబితే, తినను గానీ వండుతానన్నాడు.

ప్రణాళికా సంఘం సమావేశం ఆంటీ వంటింట్లో జరిగింది. ఆవిడ స్లింగ్‌లో చెయ్యి పెట్టుకుని కుర్చీలో కూర్చుంది, మేం నిలబడ్డాం. హ్యామ్‌తో పాటు పుదీనా వేసి ఉడికించిన కొత్త బంగాళాదుంపలు, అవెన్‌లో కాల్చిన కుమారా, అంటే ఇక్కడి చిలగడదుంప, పచ్చి బఠాణీ. చివర్లో క్రీము, స్ట్రాబెర్రీలు పెట్టిన పావ్‌లోవా అనే గుడ్డుసొన కేకు. అది ఎదురింటావిడ చేసిస్తానంది. బంగాళాదుంపల్లోకి తాలింపు ఏమిటని మావాడు అడిగాడు. వెన్న, ఉప్పు, పుదీనా, ఇక ఏమీ లేదంది ఆంటీ. వాడు నా వైపు చూసిన చూపు, ఆస్పత్రిలో డాక్టర్ బయటికొచ్చి తల అడ్డంగా ఊపినప్పుడు బంధువులు చూసే చూపు.

హ్యామ్ సంగతి ఆవిడ చాలా తేటగా చెప్పింది. ఇక్కడ అది పొగపెట్టి, వండేసి అమ్ముతారు. పైనున్న తోలు ఒలిచేయాలి. కింద కనిపించే కొవ్వు మీద కత్తితో డైమండ్ గళ్లు గీయాలి. పండగ రోజు పొద్దున తీపి పూత పూసి అవెన్‌లో పెట్టాలి. అంతే. ఆవిడ ఫ్రిజ్ నిండిపోయింది కాబట్టి, ముందురోజు మధ్యాహ్నం ఆ తొడ మా ఫ్లాట్‌కి వచ్చింది.

తోలు ఒలిచాం. గళ్లు గీశాను, పైన చెప్పిన రక్తపాతం అప్పుడే జరిగింది. నేను వేలికి ప్లాస్టర్ వేసుకుని వచ్చేసరికి మావాడు సింకులో హ్యామ్ పెట్టి, కుళాయి తిప్పి, కల్లుప్పూ పసుపూ వేసి రుద్దుతున్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

"కడుగుతున్నా. కడక్కుండా మాంసం పొయ్యెక్కిస్తారేంట్రా ఎక్కడన్నా?"

"అది ఆల్రెడీ వండేసిందిరా."

"ఎవురు వండారు? నువ్వు చూశావా?"

నేను చూడలేదు. మా అమ్మ ఇంట్లో కోడినైనా చేపనైనా పసుపూ ఉప్పూ వేసి కడగకుండా గిన్నెలోకి దింపడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వాడి వాదనలో నాకు లోపం కనిపించలేదు. పైగా తొడ జారిపోతోందంటే వెళ్లి పట్టుకున్నాను.

కడగడం అయ్యాక తెలిసింది, పచ్చి మాంసానికి పట్టిన పసుపు నీళ్లతో పోతుంది గానీ, వండిన కొవ్వుకి పట్టిన పసుపు పోదు. గళ్లలోకి ఇంకింది. కోసిన వైపు అంచులకి ఎక్కింది. ఎంత కడిగితే అంత నిగనిగలాడింది. చివరికి పళ్లెంలో పెట్టి చూస్తే అచ్చం నలుగు పెట్టి కూర్చోబెట్టిన పెళ్లికూతురు. బుగ్గన చుక్క ఒక్కటే తక్కువ.

పొద్దున్నే పళ్లెం మీద గుడ్డ కప్పుకుని పక్కింటికి వెళ్లాం. ఆంటీ గుడ్డ తీసి చూసింది. దీనికి ఒంట్లో బాలేదా అని అడిగింది. మావాడు మొత్తం వివరించాడు, శుభ్రత గురించి, వాళ్లమ్మ గురించి, పసుపు క్రిముల్ని చంపడం గురించి. ఆవిడ విని, నెమ్మదిగా కుర్చీలో వెనక్కి వాలింది.

"దీన్ని చూస్తే మా అబ్బాయి, అమ్మకి చూపు కూడా పోయిందంటాడు."

అప్పటిదాకా నవ్వు ఆపుకుంటున్నవాణ్ని, ఆ మాటతో నవ్వే మర్చిపోయాను. ఆవిడ గొంతులో భయం విన్నది అదొక్కసారే. చెయ్యి విరిగిన రోజు కూడా వినలేదు.

మావాడు తలవంచుకుని నిలబడ్డాడు. ఆంటీ ఎడమ చేత్తో కళ్లజోడు పెట్టుకుంది. పూతకని బయట పెట్టిన మస్టర్డ్ అనే ఆవపిండి సాస్ సీసా దగ్గరికి లాక్కుని, వెనకున్న చిన్నక్షరాలు చదివింది. ఆవాలు, వెనిగర్, ఉప్పు, పసుపు.

"ఇందులో ఎలాగూ పసుపుందట. కాకపోతే మనం కొంచెం ముందుగా వేశాం, అంతే."

అక్కణ్నుంచి ఆవిడ ఆజ్ఞలు, మా చేతులు. ఉప్పు ఎక్కువై ఉంటుంది కాబట్టి బ్రౌన్ షుగర్ ఇంకాస్త వెయ్యి, నారింజ మార్మలేడ్ ఇంకో రెండు చెంచాలు వెయ్యి, ఆవాల సాస్ ధారాళంగా వెయ్యి అంది. ప్రతి గడిలో ఒక లవంగం గుచ్చమంది. పూత పూసి అవెన్‌లో పెట్టి, మధ్యమధ్యలో తీసి మళ్లీ పూశాం. పసుపు పోయి బంగారం వచ్చింది, బంగారం మీద గోధుమరంగు ఎక్కింది. ఆవిడ కుర్చీలోంచి కదలకుండానే వాసనని బట్టి కుమారా ట్రే తిప్పించింది, ఆవిరిని చూసి బంగాళాదుంపలు దింపించింది. మిగిలిపోయిన పుదీనాని మావాడు ఊరికే పోనివ్వలేక, మా ఇంటికి పరిగెత్తి పచ్చిమిరపకాయలు తెచ్చి పచ్చడి నూరాడు. ఆంటీ చూసీ చూడనట్టు ఊరుకుంది.

కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు వచ్చారు. ఆంటీ మమ్మల్ని కూడా బల్ల దగ్గరే కూర్చోమంది. టపాకాయలా పేలే కాగితం గొట్టాలు లాగి, లోపలున్న రంగు కాగితం కిరీటాలు పెట్టుకున్నాం. కొడుకు హ్యామ్ కోశాడు. ముక్క నోట్లో పెట్టుకుని ఆగాడు. కొవ్వు ఇంత పచ్చగా ఉందేమిటని అడిగాడు. మావాడు నిజం చెప్పడానికి నోరు తెరిచాడు.

"మస్టర్డ్," అంది ఆంటీ.

కొడుకు తల ఊపి రెండో ముక్క తీసుకున్నాడు. మూడోది పుదీనా పచ్చడితో తిన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ, అది భావోద్వేగం కాదు, పచ్చిమిరపకాయ. నేను కూడా మొదటిసారి హ్యామ్ తిన్నాను. బాగుంది. గొప్ప అనుభూతి ఏదైనా కలుగుతుందేమోనని చూశాను. ఇంకో ముక్క కావాలనిపించింది. మావాడు బంగాళాదుంపలు రెండుసార్లు వడ్డించుకున్నాడు, తాలింపు లేకుండానే. ఆ మాట వాళ్లమ్మకి చెప్పొద్దన్నాడు.

భోజనాలయ్యాక నేను గిన్నెలు కడుగుతుంటే కొడుకు తుడుస్తూ పక్కన నిలబడ్డాడు. ఇదంతా ఎవరు చేశారని అడిగాడు. మేం చేతులు మాత్రమేననీ, ఆవిడ చెప్పకపోతే మాకు ఏ ట్రే ఎక్కడుందో కూడా తెలియదనీ ఉన్నదున్నట్టు చెప్పాను. పసుపు సంగతి ఉన్నదున్నట్టు చెప్పలేదు. వెనకగదిలో మావాడు పిల్లలకి పేకాట నేర్పుతున్నాడు, ఆంటీ వాడి ముక్కలు చూసేస్తోంది.

కొడుకు అటు చూసి, ఒక పళ్లేన్ని తుడిచిందే తుడుస్తూ అన్నాడు: "అమ్మకి ఇక్కడ మనుషులున్నారన్నమాట."

వెళ్లేముందు ఇంకో ఏడాది చూద్దామని ఆవిడతో చెప్పాడు. ఏడాదంటే వచ్చే క్రిస్మస్ కూడా ఇక్కడే అని ఆవిడ లెక్క తేల్చింది. కారు మలుపు తిరిగేదాకా ఎడమ చెయ్యి ఊపుతూనే ఉంది. తర్వాత నా భుజం తట్టి, "థ్యాంక్యూ, లవ్," అంది. ఆ మొదటి చలికాలం నుంచి ఆవిడకి చెప్పాల్సినవి నా దగ్గర చాలా ఉన్నాయి. చివరికి బయటపడింది మాత్రం, "పర్లేదు ఆంటీ."

కొడుకు ఒక్క షరతు పెట్టాడు. చెయ్యి అతికేదాకా చెత్త డబ్బాలు ఆవిడ లాగకూడదు, నేను లాగాలి. ఎర్ర మూత ఉన్న మామూలు చెత్తది వారం వారం, రీసైక్లింగ్‌ది వారం విడిచి వారం. క్రిస్మస్ సెలవు తర్వాత చెత్త బండి ఒక రోజు ఆలస్యంగా వస్తుందని గుర్తుచేసింది మాత్రం ఆంటీయే.