కాణిపాకంలో నేను చేయని ప్రమాణం

ఆ రోజు పొద్దున యార్డు గేటు దాటగానే నాకు మొదట కనిపించినవి ఇటుకలు. కొత్త కార్లు వరుసగా ఇటుకల మీద, రాళ్ళ మీద కూర్చుని ఉన్నాయి. వెనక గోడ పక్కనుంచి మధ్య దాకా ఒక్క కారుకూ చక్రం లేదు. టైర్లు, రిమ్ములు అన్నీ ఊడదీసుకుని పోయారు. నట్లు మాత్రం మట్టిలో పారేశారు. "ఓరి మీ దుంపతెగ!" అన్నాను పైకే.

తిరుపతిలో ఉన్న ఒక షోరూముకు రేణిగుంట రోడ్డులో ఉన్న యార్డు అది. అమ్మకానికి వచ్చిన కార్లను ముందు అక్కడే దించేవాళ్ళు. డెలివరీ ఇచ్చే కారును కడిగించి, రిబ్బను కట్టి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు సర్దడం నా పని. ఆ పూట నిమ్మకాయలైతే సంచీలో ఉన్నాయి, పెట్టడానికి చక్రాలే లేవు. ముహూర్తం చూసుకున్నవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేసి చంపేశారు.

దొంగలు వెనక చేల వైపునుంచి వచ్చారు. అక్కడి ప్రహరీ సిమెంటు పలకలు పేర్చి కట్టింది. పలకలు పైకి లాగేసి, లారీని గోడ దాకా తెచ్చుకుని, తీరిగ్గా ఎక్కించుకుని పోయారు. ఆ మూల కెమెరా ఎప్పుడో చెడిపోయింది. రాత్రి ముందు గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన అంతకుముందే ఆ సంగతి మేనేజరుకు చెబుతుంటే నేను పక్కనే ఉండి విన్నాను. "చూద్దాంలే" అన్నాడు మేనేజరు. చూశాం, అందరం కలిసి చూశాం.

పోలీసులు వచ్చి, ఫొటోలు తీసుకుని వెళ్ళారు. వాళ్ళు వెళ్ళగానే మేనేజరు మమ్మల్ని యార్డులో నిలబెట్టి, "కెమెరా పనిచేయలేదని బయటివాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? లోపలివాళ్ళు చెబితేనే కదా" అన్నాడు. తర్వాత ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ వచ్చి, "రేపు అందరం కాణిపాకం పోతున్నాం" అని ముగించాడు.

చిత్తూరు వైపు వాళ్ళకు ఇది విప్పి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకు చెబుతున్నాను. మా దగ్గర గొలుసు పోయినా, పొలం గట్టు జరిగినా, తాగనని ఇంట్లో మాటివ్వాలన్నా, "కాణిపాకం వస్తావా?" అని అడుగుతారు. అక్కడ తలస్నానం చేసి, తడిబట్టలతో వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేస్తే ఊరికే పోదని మా నమ్మకం. నాకూ ఆ నమ్మకం ఉంది. ఇప్పటికీ ఉంది.

పెద్దాయన వెనకనుంచి నెమ్మదిగా చెయ్యెత్తాడు. "సార్, మేం చర్చికి పొయ్యేవాళ్ళం. మాకు ఒట్టు పెట్టే అలవాటు లేదు. నేను తియ్యలేదు సార్. తియ్యలేదంటే తియ్యలేదు, అంతే."

"తప్పు చేయనివాడికి భయమెందుకయ్యా?" అన్నాడు మేనేజరు.

"భయం గాదు సార్. మా పద్ధతి గాదు."

మర్నాడు వ్యాను వచ్చింది. కార్లు కడిగేవాళ్ళు, చక్రాలు బిగించేవాళ్ళు, డ్రైవర్లు, నేను, అందరం ఎక్కాం. ఏసీ గదిలో కూర్చునేవాళ్ళు ఒక్కరూ ఎక్కలేదు. మేనేజరు తన కారులో ముందు వెళ్ళాడు. పెద్దాయన కూడా వచ్చి చివరి సీట్లో కూర్చున్నాడు. "నువ్వెందుకు పెదనాయనా? ఎట్లాగూ ప్రమాణం చెయ్యవు గదా" అని అడిగాను. "ఇంట్లో కూసుంటే పారిపోయినాడంటారు పాపా" అన్నాడు.

కాణిపాకంలో మేం స్నానాలు చేసి వచ్చాం. చీర ఒంటికి అతుక్కుపోయి, జుట్టునుంచి నీళ్ళు కారుతుంటే, మగవాళ్ళందరి మధ్య లైన్లో నిలబడాలంటే నాకు చచ్చేంత సిగ్గేసింది. చేయని దొంగతనానికి ఈ అవతారమేమిటి అనుకున్నాను. అయినా ఒక్క మాట చెప్పేస్తే అయిపోతుంది కదా అని సర్దుకున్నాను. నిజంగానే చెప్పేసేదాన్ని.

పెద్దాయన చెప్పులు విడిచే చోట గోడకానుకుని కూర్చున్నాడు. లోపలికి వెళ్ళేవాళ్ళం చెప్పులు, సంచులు, ఫోన్లు ఆయన ముందే పెట్టాం. చివర్లో మేనేజరు వచ్చాడు. జేబులోంచి ఫోను తీశాడు, పర్సు తీశాడు, కారు తాళాలు తీశాడు. మూడూ పెద్దాయన చేతిలో పెట్టి, "జాగ్రత్తగా చూస్తుండు" అని ఇటు తిరిగాడు.

నాకు నవ్వాగలేదు. గుళ్ళో ఉన్నానని కూడా మరిచిపోయి పకపకా నవ్వాను. ఆ నవ్వు వెనకాలే అరికాలి మంట నెత్తికెక్కింది.

"సార్, ఆయన దొంగయితే మీ పర్సు ఆయన చేతికెట్లా ఇచ్చినారు?" అన్నాను.

మేనేజరు ముఖం మాడిపోయింది. "లైన్లో నిలబడమ్మా."

"నిలబడతా. ముందు మీరు రాండి. మీరూ తానం చేసి రాండి సార్. కెమెరా చెడిపోయిందని ఈయన మీకు చెప్పలేదని ప్రమాణం చెయ్యండి. మీ తర్వాత నేను చేస్తా."

"నేనెందుకు చేయాలి? నేను మేనేజర్ని."

"అయితే నేనూ చెయ్యను."

రోజూ నా క్యారియరులో కూర పంచుకునే ఆమె తలొంచుకుని కొంగు పిండుకుంటూ నిలబడింది. తర్వాత అందరూ లోపలికి వెళ్ళి ప్రమాణాలు చేసి వచ్చారు. వాళ్ళను నేనేమీ అనను. పిల్లలున్నవాళ్ళు, ఇంటి అద్దెలున్నవాళ్ళు. "ప్రమాణం చేయనివాళ్ళు రేపటినుంచి పనికి రానక్కర్లేదు" అన్నాడు మేనేజరు, పర్సు జేబులో పెట్టుకుంటూ. పెద్దాయన, నేను ఆ వ్యాను ఎక్కలేదు. తడిబట్టలతోనే బస్సెక్కి వచ్చాం.

ఇంట్లో మా అమ్మ విరుచుకుపడింది. "ఒక్క మాట అనేసింటే నీ సొమ్మేం పొయ్యేదే? ఇప్పుడు ఈది ఈదంతా ఏమనుకుంటాండారో తెలుసునా? కాణిపాకం దాకా పొయ్యి ఎనక్కి తిరిగొచ్చిందంట అని!" నిజమే. మా వైపు అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. నన్ను చూసి పక్కింటివాళ్ళు గొంతు తగ్గించేవాళ్ళు. నేను మాత్రం కావాలనే గొంతు పెంచి మాట్లాడేదాన్ని.

నా సంగతి సరే, నాకు బట్టల కొట్టులో పని దొరికింది. పెద్దాయనకు దొరకలేదు. కాపలావాడిని నమ్మకం చూసే కదా పెట్టుకుంటారు. ఆయన ఏ అపార్టుమెంటుకు వెళ్ళినా, ఏ గోడౌనుకు వెళ్ళినా, "ప్రమాణం చెయ్యనని కూసున్నది నువ్వేనా?" అని గేటు బయటనుంచే పంపించేసేవాళ్ళు. ఒకసారి బస్టాండులో కనిపించి, "మా చర్చిలో గూడా నా పక్కన కూసునే దానికి ఎనకాడతాండారు పాపా" అన్నాడు. ఆ మాట ఆయన మామూలుగా, బస్సు లేటయిందని చెప్పినట్టు చెప్పాడు.

కొన్నాళ్ళకు దొంగలు దొరికారు. వేరే ఊళ్ళో ఇంకో షోరూము యార్డులో ఇదే పని చేస్తూ పట్టుబడి, మాదీ ఒప్పుకున్నారు. లోపలివాళ్ళెవరూ తమకు సాయం చేయలేదని కూడా చెప్పారు. ఆ మరుసటి రోజే మేనేజరు ఫోన్ చేశాడు. "అయిందేదో అయిపోయిందమ్మా. రేపటినుంచి వచ్చేయ్. ఆయనకు కూడా చెప్పు."

పెద్దాయనను వెంటబెట్టుకుని నేరుగా షోరూముకే వెళ్ళాను. అప్పుడు అక్కడ ఒక కుటుంబం కొత్త కారు తీసుకుంటోంది. మేనేజరు వాళ్ళతో ఫొటోకు నిలబడి ఉన్నాడు. పెద్దాయన చేతులు కట్టుకుని, "సార్, నేను దొంగను గాదని నలుగుర్లో ఒక మాట చెప్పండి. నాకది సాలు" అన్నాడు.

"నిన్ను దొంగ అని ఎవరన్నారయ్యా? నేనన్నానా ఆ మాట?"

"అనలేదు సార్" అన్నాను నేను. "అనకుండానే కాణిపాకం తీసకపోయినారు. అనకుండానే పనిలోంచి తీసేసినారు. యాడికి పొయినా గేటు తియ్యకుండా చేసినారు."

"మెల్లగా మాట్లాడు, కస్టమర్లున్నారు."

"మెల్లగా ఎందుకు సార్? వ్యానెక్కిచ్చినప్పుడు రోడ్డంతా సూసినారు గదా."

ఆ కుటుంబంలో టెంకాయ పట్టుకున్న ముసలాయన, "ఏందప్పా ఇది?" అంటూ దగ్గరికి వచ్చాడు. మేనేజరు గొంతు సవరించుకుని, "ఆ దొంగతనానికి, ఈయనకు ఏ సంబంధమూ లేదు" అన్నాడు.

"అట్లా గాదు సార్. దొంగ గాదని చెప్పండి" అన్నాను.

"ఈయన దొంగ కాదు."

పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. "సాలు సార్. రేపట్నించి డ్యూటీకొస్తా" అన్నాడు. మేనేజరు ఊపిరి పీల్చుకుని నా వైపు తిరిగాడు. "నువ్వూ వచ్చేయమ్మా మరి."

"నా మాట ఇంకా చెప్పలేదు సార్ మీరు."

మేనేజరు కస్టమర్ల వైపు తిరిగి, "ఈమె కూడా దొంగ కాదు" అన్నాడు.

అప్పుడు చెప్పాను, నేను రానని.