గండికోటకు చుట్టుదారి

పొద్దున పోయి చీకటి పడకముందే ఇల్లు చేరేటట్టు గండికోటకు నేను వేసిన లెక్క చాలా చక్కగా ఉండేది. పులివెందులలో ఆరున్నర బస్సెక్కాలి. ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరి కోట బస్సు పట్టుకోవాలి. మధ్యాహ్నం మూడింటికి కోట నుంచి వచ్చే ఆఖరి బస్సు మాత్రం తప్పకూడదు. బస్టాండులో టైములు చెప్పే ఆయన్ను విసిగించి ఇవన్నీ రాసుకొచ్చాను. మా నాయన ఆ కాగితం చదివి, చింపి, పొయ్యిలో వేశాడు.

“టైములు రాసిపెట్టుకుండేది మనం గాదు పాపా. మనల్ని సంపేటోల్లు,” అన్నాడు.

ఆయన భయానికి కారణం ఉంది. మా ఊళ్లో రెండు పార్టీల కొట్లాటలో ఒక ప్రాణం పోతే, చూసింది చూసినట్టు కోర్టులో చెప్పాడు. ఆనాటి నుంచి ఏ రోజు ఎక్కడికి పోతాడో మా అమ్మకు కూడా చెప్పేవాడు కాదు. అనుమానం పెనుభూతమంటారు. మా ఇంట్లో దానికి కూడా రోజూ కంచం పెట్టేవాళ్లం.

నాకు టీచరు ఉద్యోగం వచ్చింది, వారంలో దూరం పోవాలి. ఈలోగా ఒక్కరోజు నాయనతో కలిసి పెన్న లోయ చూడాలని నా పంతం. ఒప్పుకున్నాడు గానీ, అంతా ఆయన పద్ధతిలోనే. ముద్దనూరు మీద వద్దు, ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు చుట్టి పోవాలి. వీపు వెనక ఎవరూ లేకుండా ఆఖరి సీట్లోనే కూర్చోవాలి. బస్టాండు రాకముందే దిగాలి. పోయిన దారిన తిరిగి రాకూడదు.

పులివెందులలో ఎక్కేసరికి ఆ ఆఖరి సీటు రెండో చివర ఒకాయన ఉన్నాడు. భుజాన తువ్వాల, చేతిలో చిన్న సంచి. ఏ ఊరని మేం అడగలేదు. ఆ రోజుల్లో ఊరు అడిగితే పార్టీ అడిగినట్టే. ప్రొద్దుటూరులో బస్టాండుకు ముందే దిగాం. ఆయనా దిగాడు. నాయన నన్ను టీ అంగట్లో కూర్చోబెట్టి ఒక బస్సు పోనిచ్చాడు. తర్వాతి జమ్మలమడుగు బస్సెక్కితే, ఆఖరి సీట్లో ఆయనే. నా మోచేతి మీద నాయన పట్టు బిగిసింది. కోట బస్సులో కూడా ఆయనే ఉన్నాడు.

“తిరిగి పోదాం నాయనా,” అన్నాను.

“ఇప్పుడు తిరిగితే మనకు తెలిసిపాయనని వానికి తెలుస్తాది. జనంలోనే ఉండు.”

కోటలో నన్ను లోయ అంచుకు పోనివ్వలేదు. ఇరవై అడుగుల దూరంలో నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క తోపు చాలు కదా అక్కడ. ఇంత దూరం వచ్చి పెన్న చూడకుండా పోవాలా అని నాకు ఏడుపొచ్చింది. చిత్రమేమంటే ఆ మనిషి కూడా అంచుకు పోలేదు. ఒక పెద్ద బండకు వీపు ఆనించి మమ్మల్నే చూస్తున్నాడు. చివరికి ఆయనే నోరు తెరిచాడు.

“అప్పా, పొద్దున్నించి నా ఎంబడి పడినావు. ఆడపిల్లను ఎంటబెట్టుకోని వస్తే నమ్ముతాననుకున్యావా? చెప్పేదేందో చెప్పు.”

నాయన నన్ను తన వెనక్కి లాక్కున్నాడు. “నేనా? నా ఎంబడి వస్తాండేది నువ్వు గదా.”

“ఈ ఊర్లో మా చెల్లెలుండాది. రెండేండ్లాయ సూసి. నువ్వు సూస్తాండావని ఆ ఇంటికి గూడ పోలేదు.”

ఇద్దరూ ఒకరి చేతుల వైపు ఒకరు చూసుకున్నారు. ఇద్దరిదీ ఒకే భయం, అవే జాగ్రత్తలు. అవే చుట్టుదారులు తిరిగినవాళ్లు కలుసుకోక ఏం చేస్తారు? నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఆయన చెల్లెలింటికి వెళ్లాడు. నేను అంచుకు పోయి పెన్నను తనివితీరా చూశాను. నాయన మాత్రం లోయకు వీపు తిప్పి, ఆయన పోయిన దారి వైపే చూస్తూ నిలబడ్డాడు.

పోయిన దారిన రాకూడదు కాబట్టి తిరుగు ప్రయాణంలో ముగ్గురం ముద్దనూరు మీదే వచ్చాం. ఆఖరి సీట్లో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అది స్నేహమో, ఒకరి ముందు ఒకరు కూర్చోలేకపోవడమో చెప్పలేను. చెల్లెలు కట్టిచ్చిన శనక్కాయలు ఆయన ఇస్తే, ఆయన రెండు నోట్లో వేసుకున్నాకే నాయన ఒకటి ఒలిచాడు. నాకు ఒళ్లు మండింది.

ముద్దనూరు దాటాక ఒక ఊరి మలుపులో ఆయన లేచాడు. “అప్పా, నేను దిగే చోటు...” అని ఆగిపోయాడు.

మా నాయన కళ్లు మూసుకున్నాడు. బస్సులో ఏనాడూ రెప్ప వాల్చని మనిషి, ఆయన దిగి బస్సు కదిలిందాకా తెరవలేదు.

“పాయనా పాపా?” అన్నాడు, అట్లే కళ్లు మూసుకుని.

“పాయ నాయనా.”

నేను కళ్లు మూసుకోలేదు. బోర్డు మీద ఆ ఊరి పేరు చదివాను. ఇప్పుడు నాయన లేడు. ఆ పేరు అడిగేవాళ్లూ లేరు. అయినా ఇక్కడ రాయను.