గని పేరు, ఇంటి పేరు

గోదావరిఖనిలోని ఫోటో స్టూడియో యజమాని, పాత నెగెటివ్‌లు సర్దిపెట్టడానికి మంథని నుంచి వామనరావును పిలిపించాడు. ఆయన రోజూ కిటికీ పక్కన కూర్చుని, ఒక్కో నెగెటివ్‌ను అంచులు పట్టుకుని, మెత్తటి బ్రష్షుతో బొగ్గు దుమ్ము దులిపి, దాని మీద గీసి ఉన్న పేరునే కవరు మీద రాసేవాడు. దుమ్ము మళ్లీ పడేది. గొణుక్కుంటూ మళ్లీ దులిపేవాడు. ఒకనాడు లస్మవ్వ వచ్చింది. "మా ఆయన పోశం గనిల పోయిండు. కొలువుల చేరేటప్పుడు ఈడ్నే ఫోటో దిగిండు. నా బిడ్డ తండ్రి మొకమే సూడలే, సారూ." వామనరావు పోశం పేరున్న కవర్లన్నీ చూపించాడు. ఏ ఫోటోలోనూ అతను లేడు. గుమ్మం దాకా వెళ్లిన లస్మవ్వ ఆగి, గొంతు తగ్గించింది. "గనిల ఆయన పేరు రాయమల్లు. అన్న పేరు మీద చేరిండు."

వామనరావు రాయమల్లు కవర్లు విప్పి, ఒక్కొక్క నెగెటివ్‌నూ వెలుతురుకెత్తాడు. నలుపంతా తెలుపైన ఒక మొహం దగ్గర ఆమె చెయ్యి ఆగింది. "గా సొట్ట చెవి... ఆయనే! జల్ది కడిగియ్యుండ్రి సారూ, బిడ్డను తోలుకొస్త."

ఆనాటి నుంచి స్టూడియోలో ఎవరు ఫోటోకని కుర్చీలో కూర్చున్నా, కిటికీ పక్క నుంచి ముందుగా ఒక ప్రశ్న వినిపించేది. "గని పేరు సరే నాయనా, మీ అవ్వ ఏమని పిలుస్తది?"