ఉక్కు గరుడకు ఏ పేరు? నారాయణపేట మగ్గం దగ్గర తేలిన పంచాయితీ

ప్రపంచంలోని సంగీత పండితులకు, నారాయణపేట పట్టణ ప్రజలకు, చేనేత చీరల గురించి చదువుదామని ఈ పేజీ తెరిచిన అమాయక పాఠకులకు ముందుగా సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇందులో చీరలున్నాయి. కానీ వాటికంటే ముందు ఒక మహా ధర్మసందేహం ఉంది: పవర్ మెటల్ వాయించే బ్యాండు సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అనవచ్చా? ఈ విషయం మీద మీకు కంటి మీద కునుకు లేదని నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

మా బ్యాండు పేరు ఉక్కు గరుడ. మహబూబ్‌నగర్‌లో చదువుకునే రోజుల్లో మొదలైంది. పాడేది కోస్గి అమ్మాయి స్వప్న. డ్రమ్స్ నరేశ్, నారాయణపేటలో నేతింట పుట్టాడు. గిటార్లు ఇద్దరు. నేను మేనేజర్‌ను, అంటే వైర్లు మోస్తాను. పవర్ మెటల్ అంటే తెలియనివారి కోసం: గుర్రం పరుగులాంటి డ్రమ్స్, ఆకాశాన్నంటే గొంతు, కత్తులు, తుఫాన్లు, చివర్లో తప్పనిసరిగా విజయం. ప్రోగ్రెసివ్ రాక్ అంటే పాట పొడుగు, నడక మధ్యమధ్యలో మారిపోతుంటుంది, వినేవాడు వేళ్లు మడిచి లెక్కపెట్టుకునే లోపల చాయ్ చల్లారిపోతుంది. స్వప్న కొత్తగా కట్టిన పాట పద్నాలుగు నిమిషాలు. అందులో నడిమి నాలుగు నిమిషాలు ఏడు దెబ్బల నడక. ఆ ధైర్యంతో కాలేజీ వార్షికోత్సవం పోస్టరు మీద మమ్మల్ని ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండు అని వేయించింది. అది చూసి నరేశ్, "మనది పవర్ మెటల్. పేరు మార్చుకున్నోళ్లతోని నేను వాయించ" అని కర్రలు సంచిలో వేసుకుని ఊరెళ్లిపోయాడు. ఫోన్ ఎత్తడం లేదు. కచేరీ ఆదివారం సాయంత్రం. డ్రమ్స్ లేని గరుడ కోడిపిల్లతో సమానం.

కాబట్టి శనివారం పొద్దున్నే నేనూ స్వప్నా మహబూబ్‌నగర్ బస్టాండులో నారాయణపేట బస్సెక్కాం. దేవరకద్ర, మరికల్ మీదుగా రెండు గంటల లోపే దిగుతారు. స్వప్నకు ఆడవాళ్ల ఉచిత జీరో టికెట్, నాకు వంద లోపు. సంధి రాయబారం ఖర్చు మగవాళ్లదేనని ఆ రోజే తెలిసింది. నేను దారంతా ఒక గంభీర ప్రసంగం మనసులో తయారుచేసుకుంటున్నాను.

"పోస్టరు మీద రెండు పేర్లూ రాయిస్తే పోదా?" అన్నాను.

"రెండు రాస్తే పెళ్లి బ్యాండనుకుంటరు," అంది స్వప్న కిటికీలోంచి చూస్తూ. "నేను పాడితే అందరు ఎగురుతరు గని ఒక్కలన్న వింటరా? గా నాలుగు నిమిషాలన్న జర నిలవడి విననియ్యి."

బస్టాండు నుంచి నేతవాడకు ఆటోలో పది నిమిషాలు. ఆటో అన్న మా వాదన విని, స్వప్న ఫోన్లో పాట పెట్టించుకుని, తల ఊపుతూ నడిపాడు. ఏడు దెబ్బల ముక్క రాగానే తల ఆగిపోయింది.

"గిదేందక్కా, పాడైందా?"

"పాడు కాలే అన్నా, గట్లనే ఉంటది."

"పెండ్లి బరాత్ల పెడితే ఆడొస్తదా?"

"ముందల ముక్కకు ఆడొస్తది. నడుమ రాదు."

"మరింకేం ఫికర్? ఆడితే ఒక పేరు, బరాతంత ఆగి నోరు తెరుచుకొని చూస్తే ఇంకో పేరు," అని తీర్పు చెప్పేశాడు. కిరాయి మాత్రం ఇద్దరికీ కలిపే తీసుకున్నాడు.

నరేశ్ ఇంటి గడపలోనే వాళ్లవ్వ మాకు ఎదురొచ్చి వేలు నోటి మీద పెట్టింది. "సప్పుడు చెయ్యకుండ రాండ్రి. కొంగు నేస్తాండు." ఆ ఇంట్లో చీర కొంగు నేసేవాడితో ఎవరూ మాట్లాడకూడదట. మాట్లాడితే లెక్క తప్పి రంగు పక్కకు పోతుందట. నా ప్రసంగం అక్కడే ప్రాణం విడిచింది. గుంటలో కాళ్లు పెట్టి మగ్గం మీద కూర్చున్న నరేశ్ మమ్మల్ని చూసి, చూడనట్టు అడ్డనూలు మోసే నాడెను ఆ చివరికి విసిరాడు. అవ్వ నన్ను ఒక మూలకు పిలిచి అతి ముఖ్యమైన బాధ్యత ఒకటి అప్పగించింది. దాని సంగతి తర్వాత.

స్వప్న గోడకు ఆనుకుని కాసేపు కూర్చుంది. ఆ తర్వాత మెల్లగా, "మాట్లాడొద్దంటివి గని పాడొద్దనలేదు గదా అవ్వా?" అంది.

"పాడు బిడ్డా. జర గొంతు తగ్గించు, ఇరుగుపొరుగు ఉరికొస్తరు."

ఏడు దెబ్బల ముక్కే ఎత్తుకుంది. నరేశ్ తలెత్తలేదు. నాడె ఇటు, నాడె అటు. కింద తొక్కే చెక్కల మీద కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి. ఏడు అయిపోగానే మళ్లీ ఏడు. కొన్ని చుట్లు తిరిగాక మగ్గం టక్కున ఆగింది. నరేశ్ తన కాళ్లను ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు.

"ఇన్నొద్దుల్నుంచి నేను ప్రతి చుట్టు కుడికాలుతోనే మొదలువెడుతున్న," అన్నాడు. "ఏడు బేసి లెక్క గదనే! ఒక చుట్టు కుడి, ఇంకో చుట్టు ఎడమ. ఈడ గట్లనే పడుతాంది. డ్రమ్స్ కాడ నేనే జబర్దస్తిగ ఆపి కాలు మారుస్తున్న. గందుకే తప్పుతాంది."

"అంటే నీ కోపం పోస్టరు మీద కాదా?" అంది స్వప్న.

"కోపమే. కాకపోతే... గా ముక్క నాకొస్తలేకుండె. గంత పెద్ద పేరు రాసుకొని అందరి ముందల తప్పు వాయిస్తే?"

"గా మాట ఫోన్ల చెప్తే అయిపోవు గదరా, దున్నపోతా!"

"నువ్వు ఒక్కసారన్న తప్పు పాడినవా? నీకెట్ల చెప్పాలె?"

"మీ ముచ్చట పాడుగాను," అంది అవ్వ. "కొంగు ఆగిపాయె. నువ్వు పాడు, వాడు నేస్తడు."

కొంగు అయ్యేదాకా ఆమె పాడుతూనే ఉంది. తర్వాత జొన్నరొట్టె, పుంటికూర తింటూ ఇద్దరూ మళ్లీ మొదలుపెట్టారు. "నడుమ ముక్క ప్రోగ్రెసివే, ఒప్పుకుంటున్న. ముందల ఎన్క పవర్ మెటల్," అంటాడు వాడు. "నడుమది తీసేస్తే పాటుంటదా?" అంటుంది ఆమె. "ముందల ఎన్క తీసేస్తే జనముంటరా?" అంటాడు వాడు. మధ్యాహ్నం బస్సులో ముగ్గురం మహబూబ్‌నగర్‌లో దిగేదాకా ఇదే. ఒకాయన సీటు మారి ముందుకెళ్లి కూర్చున్నాడు.

ఆదివారం హాల్లో ఆటో అన్న పెట్టిన పరీక్షే జరిగింది. మొదట అందరూ ఎగిరారు. ఏడు దెబ్బలు మొదలవగానే కొందరు గాల్లో లేపిన కాలు ఎక్కడ దించాలో తెలియక ఆగిపోయారు. తర్వాత హాలంతా నిలబడి విన్నది. నేను వేదిక పక్కనుంచి నరేశ్ కాళ్లే చూస్తున్నాను: కుడి, ఎడమ, కుడి. ఒక్కటీ తప్పలేదు. స్వప్నకు ఆమె నాలుగు నిమిషాలు దక్కాయి. ఆ వెంటనే గుర్రం మళ్లీ పరుగందుకుంది, జనం మళ్లీ ఎగిరారు.

కాబట్టి నా తీర్పు: ప్రోగ్రెసివ్ రాక్ అనవచ్చు, నాలుగు నిమిషాల పాటు. మిగతా పది నిమిషాలు ఏ పేరూ గుర్తురానంత సంతోషంగా ఉంటుంది. పేరు కోసం కొట్లాడుకునేవాళ్లు చాలాసార్లు ఇంకేదో చెప్పలేక కొట్లాడుతుంటారని ఆ మగ్గం పక్కన కూర్చున్నాక అనిపించింది. వెళ్లాలనుకునేవారికి ఒక్క సలహా: పొద్దున బస్సుకే బయలుదేరండి, నేతవాడలో ముందు మగ్గం ఆగే దాకా ఆగండి, ఆ తర్వాతే నోరు తెరవండి.

ఇక సంధి కుదిర్చిన ఘనత నాదని ఇప్పటికే చాలామందికి చెప్పుకున్నాను. నిజానికి ఆ రోజు నేను చేసిన పని ఒక్కటే. అవ్వ నన్ను రాట్నం ముందు కూర్చోబెట్టి, "ఉత్తగ కూసోకు," అని నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టమంది. పాట వింటూ వదులుగా చుట్టాను. అది ఆ కొంగులోకే వెళ్లింది. మీరు కొన్న నారాయణపేట చీర కొంగులో ఒకచోట దారం ఉబ్బెత్తుగా కనిపిస్తే అది నరేశ్ తప్పు కాదు, నాదే. మొదట్లో చెప్పిన క్షమాపణ ఉత్తదే కానీ, ఇది మాత్రం నిజమైనది.