హెడ్‌ఫోన్‌లో వినిపించిన ఆయాసం

నేను మహబూబ్‌నగర్‌లో టీచర్‌ని. ఊపిరితిత్తుల జబ్బుతో తమ్ముడు పోయి ఏడాదైంది. నా పెళ్లిలో వాడు పాడిన పాటను అమ్మ రోజూ ఫోన్‌లో వినేది. ఇంకా స్పష్టంగా వింటుందని ఖరీదైన హెడ్‌ఫోన్ కొన్నాను. తేడా ఏముంటుందని నా భార్య నవ్వింది.

అమ్మ చెవులకు తగిలించి పాట పెట్టాను. కాసేపటికి ఆమె ముఖం మారిపోయింది.

“పాడుకుంటనే ఆయాసపడ్తుండు. అప్పటికే గింత బాధ ఉండెనా బిడ్డా?”

నేను తీసుకుని విన్నాను. నిజమే. ఫోన్‌లో ఎన్నడూ వినపడని పిల్లికూతలు ప్రతి చరణం చివరా ఉన్నాయి.

“అది మిషన్ చప్పుడమ్మా” అని అబద్ధమాడాను.

అమ్మ కళ్లు తుడుచుకుంది. “ఫోన్లనే పెట్టు. దాంట్లయితె వాడు మంచిగ పాడుతడు.”

పెళ్లి రోజు వాడి పక్కనే కూర్చుని, ఇంకొక్క పాట పాడమని బలవంతపెట్టింది నేనే. అంత దగ్గరున్నా నాకు వినపడలేదు.