రెబ్ ఫైవెల్ ఒప్పుకోరు

"...అదంతా సరే, ఇప్పుడు మంచు పడుతోందని నువ్వెలా అంటావు?"

"నేననేదేముంది రబ్బీ గారూ, మీ టోపీ చూసుకోండి."

"టోపీ మీద ఉన్నది పడిపోయిన మంచు. నేనడుగుతున్నది పడుతున్న మంచు సంగతి."

బస్సు డ్రైవరు మార్సెల్ స్టీరింగు మీద తల ఆనించాడు. పిల్లలు సంచులు తగిలించుకుని దిగడానికి నిలబడి ఉన్నారు. తలుపుకి అడ్డంగా, బడిలో ధర్మశాస్త్రం చెప్పే రబ్బీ, రెబ్ ఫైవెల్ గుర్‌విట్స్. గడ్డం మీద, కనుబొమల మీద, చంకలోని లావుపాటి ధర్మశాస్త్ర గ్రంథం తల్మూద్ మీద మంచు పేరుకుంటోంది. ఆయన మాత్రం జవాబు కోసం ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు.

పై అంతస్తు కిటికీలోంచి హెడ్మిస్ట్రెస్ ఇలానా బెన్‌జాకెన్ ఇది చూసి, నిశ్చింతగా కాఫీ కప్పు అందుకుంది. మాంట్రియల్‌లోని ఆ చిన్న యూదు బడిలో సోమవారం ఇలా మొదలైతేనే వారం సవ్యంగా మొదలైనట్టు.

రెబ్ ఫైవెల్‌కి ఉన్నది ఒకటే అలవాటు. ఎవరేమన్నా ఒప్పుకోరు. శుభోదయం అంటే, శుభమో కాదో సాయంత్రానికి గానీ తేలదంటారు. ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే, బాగుందని మీరెందుకు అనుకుంటున్నారని ఎదురడుగుతారు. డాక్టరు ఆయనకి రక్తపోటు ఉందని చెప్పడానికి ఒక పూట పట్టిందనీ, చివరికి పోటు డాక్టరుకే వచ్చిందనీ బడిలో చెప్పుకుంటారు.

పెళ్లిచూపుల్లో ఆయన భార్య గెనెండెల్ ఈయన్ని చూసి, "మనిద్దరికీ కుదరదండీ" అందట. ఎందుకు కుదరదని ఈయన మొదలుపెట్టారు. నలభై ఏళ్లుగా నిరూపిస్తూనే ఉన్నారు. ఆవిడ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. అందుకే ఆ ఇంట్లో ఎప్పుడు చూసినా సందడి.

ఒకసారి టీచర్ల గదికి కొత్త కర్టెన్లు కావాల్సి వచ్చాయి. అందరూ ఆకుపచ్చ అన్నారు. కొత్తగా వచ్చిన డ్రాయింగు టీచరు ఒక్కతే గోధుమ రంగు అని గొణిగింది. రెబ్ ఫైవెల్ గోధుమ రంగు తరఫున లేచి, సూర్యకాంతి నుంచి మొదలుపెట్టి మనిషి మనసు దాకా వెళ్లారు. సాయంత్రానికి అందరూ అలిసిపోయి గోధుమ రంగుకే ఓటేశారు. ఆయన చుట్టూ చూశారు. తనతో అందరూ ఏకీభవించడం ఆయనకి ఇబ్బందిగా ఉన్నట్టుంది. "ఆకుపచ్చ కూడా మరీ తీసిపారేయాల్సింది కాదు" అన్నారు.

వంటగదిలో ఫ్రుమాతో తగువు మాత్రం రోజువారీ వ్యవహారం. ఫ్రుమా వండే కోడి సూపు కోసం ఆ బడిలో చదువు పూర్తయినవాళ్లు కూడా ఏదో వంకన వస్తుంటారు. రెబ్ ఫైవెల్ చెంచా నోట్లో పెట్టుకుని, "ఉప్పెక్కువైంది" అంటారు.

"నిన్న చప్పగా ఉందన్నారు."

"నిన్న బాగానే ఉంది."

"ఆ మాట నిన్న చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పను? నిన్న నువ్వు బాగుందన్నావు."

అని గిన్నె మళ్లీ చాపుతారు. ఫ్రుమా ఒక చేత్తో సూపు పోస్తూ, ఇంకో చెయ్యి ఆకాశం వైపు తిప్పుతుంది.

ఈ జబ్బే తల్మూద్ తరగతిలో చదువు అవుతుంది. అక్కడ పిల్లలు జోడీలు జోడీలుగా ఎదురెదురు కూర్చుని, ఒకరు అవునంటే ఒకరు కాదంటూ బల్లలు గుద్దుకుంటారు. దారిన పోయేవాళ్లకి లోపల కొట్లాట అవుతోందనిపిస్తుంది. నిశ్శబ్దంగా ఉంటేనే ఇలానా కంగారుగా వెళ్లి చూస్తుంది. ఆమె కూడా ఏడో తరగతిలో ఆయన దగ్గరే ఆ బల్లలు గుద్దింది. ఇంటికెళ్లి అన్నం దగ్గర కూడా ఎదురు వాదిస్తుంటే, వాళ్లమ్మ బడికొచ్చి, "నా పిల్ల నోరు నాకు తిరిగి ఇచ్చెయ్యండి" అంది. "అది ఆమె నోరేనమ్మా, నేను తలుపు మాత్రం తీశాను" అన్నారాయన. అమ్మ దానికి ఒప్పుకోలేదు. ఆవిడంటే ఆయనకి అప్పటినుంచీ మహా గౌరవం.

ఆ ఏడు శరత్కాలంలో ఏడో తరగతిలో తాల్యా అనే పిల్ల చేరింది. ప్రభుత్వ బడి నుంచి వచ్చింది. హీబ్రూ అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. చలికాలంలో వచ్చే హనుక్కా పండగ దాకా చూసి, నెగ్గుకొస్తేనే ఉంచుకుంటామని కమిటీ గడువు పెట్టింది. తరగతిలో అందరికీ జోడీలున్నారు. మిగిలిపోయింది ఆ పిల్ల. రెబ్ ఫైవెల్ కుర్చీ లాక్కుని తనే ఎదురుగా కూర్చున్నారు.

హనుక్కా దగ్గరపడుతున్న ఒక వారం పాఠంలో పాతకాలపు న్యాయసభ వచ్చింది. ఇరవై ముగ్గురు న్యాయమూర్తులు, మరణశిక్ష పడే కేసు.

"ఇరవై ముగ్గురూ ఒక్క గొంతుతో దోషి అన్నారనుకోండి. ఏం చేయాలి?" అని అడిగారు రెబ్ ఫైవెల్.

"శిక్షించాలి" అంది తరగతి.

"వదిలెయ్యాలి. శాస్త్రంలో అలాగే ఉంది. చదవండి."

పైకప్పు లేచిపోయింది. కొందరు కాదంటే శిక్షా, అందరూ అవునంటే విడుదలా, ఇదెక్కడి న్యాయం రబ్బీ అని పిల్లలు మీద పడ్డారు. ఆయన ముఖం వెలిగిపోయింది. అటుగా పోతున్న ఇలానా ఆ పాఠం గుర్తుపట్టి తలుపు దగ్గరకొచ్చి నిలబడింది.

"తాల్యా, నువ్వు చెప్పు. ఇది అన్యాయం కదా?"

"అవును రబ్బీ."

"కాదు, ఇంతకు మించిన న్యాయం లేదు."

"అవును రబ్బీ."

"ఈ బడి చంద్రుడి మీదుంది."

తాల్యా ఒక్క క్షణం కిటికీ వైపు చూసింది. "అవును రబ్బీ."

మధ్యాహ్నం ఆయన ఇలానా గదికొచ్చి కుర్చీలో కూలబడ్డారు. "ఆ పిల్ల నన్ను చంపేస్తోంది."

"ఏమందేమిటి?"

"ఏమీ అనదు. అదే నా బాధ."

"భయం, రెబ్ ఫైవెల్. కాదంటే పంపేస్తారని."

"భయమని నీకెవరు చెప్పారు? మర్యాద."

"సరే, మర్యాద."

"మర్యాద కాదమ్మాయ్, భయమే" అన్నారాయన నీరసంగా.

గురువారం నాటికి బడి అంతా పులిసిన పిండి వాసనే. శుక్రవారం పొద్దు వాలగానే మొదలయ్యే విశ్రాంతి దినం షబ్బాత్ కోసం పిల్లలు జడ రొట్టెలు అల్లుతారు. ఆ వారం శుక్రవారం భోజనానికి తాతలూ బామ్మలూ వస్తున్నారు. ఫ్రుమా తన దగ్గరున్న అన్నిటికన్నా పెద్ద గంగాళంలో కోడి సూపు పెట్టింది. రెబ్ ఫైవెల్ దారిన పోతూ ఆగి, చెంచా ముంచి, ఎప్పటిలాగే ఉప్పెక్కువైందని ప్రకటించి వెళ్లిపోయారు. రొట్టెల పళ్లెం తీసుకొచ్చిన తాల్యా ఆ మాట విన్నది.

యూదుల ఆహార నియమం ప్రకారం ఆ బడి వంటగదిలో మాంసం, పాలు ఒకదాని మొహం ఒకటి చూడవు. గిన్నెలు వేరు, గరిటెలు వేరు, తుడిచే గుడ్డలు కూడా వేరు. తాల్యా ఇదివరకే ఒకసారి మాంసం బల్ల మీద చీజ్ రొట్టె పెట్టింది, ఇంకోసారి మాంసం గిన్నెలో పెరుగు తిన్నది. రెండుసార్లూ ఫ్రుమా గుండె పట్టుకుని, సర్దుకుంది. ఈసారి ఫ్రుమా ఉల్లిపాయలు తేవడానికి వెళ్లి వచ్చేసరికి, తాల్యా టీచర్ల గదిలోంచి కాఫీ పాల కూజా తెచ్చి, గంగాళంలో పూర్తిగా వంచి, శ్రద్ధగా కలుపుతోంది.

ఫ్రుమా కేక మూడో అంతస్తులో లెక్కల పరీక్షని ఆపింది.

"ఏం చేశావే తల్లీ?"

"ఉప్పెక్కువైందని రబ్బీ అన్నారు. మా ఇంట్లో ఎక్కువైతే పాలు పోస్తాం."

సూపు పారబోశారు. శుక్రవారం తాతలూ బామ్మలూ ఉడికించిన గుడ్లు తిన్నారు. కమిటీ అధ్యక్షుడు పెర్ల్‌మట్టర్ గారు ఇద్దరు మనవలకి తాత. ఫ్రుమా సూపు కోసం పొద్దున్న ఏమీ తినకుండా వచ్చిన మనిషి. గుడ్డు ఒలుస్తూనే టీచర్ల గదిలో కమిటీ సమావేశం పిలిచారు. చలికాలం, పొద్దు త్వరగా వాలుతుంది, షబ్బాత్ వచ్చేలోగా అందరూ ఇళ్లకి చేరాలి. తాల్యా బయట వసారాలో బల్ల మీద, కోటు తొడుక్కుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"పిల్ల మంచిదే. కానీ మన పద్ధతులు ఒంటపట్టడం లేదు. పాత బడికి పంపేద్దామనేవాళ్లు చేతులెత్తండి" అన్నారు పెర్ల్‌మట్టర్ తన చెయ్యి ముందుగా ఎత్తి, అలవాటుగా రెబ్ ఫైవెల్ వైపే చూస్తూ.

హీబ్రూ టీచరు చెయ్యెత్తింది. ఎలాగూ రెబ్ ఫైవెల్ కాదంటారు, సాయంత్రం దాకా వాదిస్తారు, పిల్ల ఉండిపోతుంది. లెక్కల మాస్టారూ అదే ధైర్యంతో ఎత్తాడు. డ్రాయింగు టీచరూ ఎత్తింది. ఇలానా కూడా, గుడ్ల పళ్లాలు గుర్తొచ్చి, అధ్యక్షుడితో తగువెందుకని, ఆయనున్నారు కదా అని, చెయ్యెత్తింది.

రెబ్ ఫైవెల్ చెయ్యెత్తారు.

పెర్ల్‌మట్టర్ ఆయనకి చెప్పడానికి సిద్ధం చేసుకున్న జవాబు నోట్లోనే ఉండిపోయింది. "రబ్బీ, చెయ్యెత్తితే పంపేయమని."

"తెలుసు."

"అంటే మీరు... ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకుంటున్నాను. అందరూ ఒప్పుకున్నాక నేనొక్కణ్ణీ ఎందుకు కాదనాలి?"

ఇలానాకి ఒళ్లు మండింది. ఆయన వైపు చూసింది. ఆయన తల ఒక పక్కకి వంచి ఆమెనే చూస్తున్నారు. ఏడో తరగతిలో ప్రశ్న వేసి, చెప్పకుండా, అలాగే చూసేవారు.

ఆమె చెయ్యి దింపలేదు. "అయితే తీర్పు చెల్లదు" అంది.

"ఏమిటీ?" అన్నారు పెర్ల్‌మట్టర్.

"అందరూ దోషి అన్నారు. శాస్త్రప్రకారం వదిలెయ్యాలి."

"అది ప్రాణాల మీది కేసులకి ఇలానా, ఇది సూపు కేసు" అన్నారు రెబ్ ఫైవెల్ వెంటనే.

"బయట కూర్చున్న పిల్లని అడగండి, ఏ కేసో చెబుతుంది."

"అక్కడ ఇరవై ముగ్గురు పండితులు. ఇక్కడ గుప్పెడు మందిమి, అందులో ఒకరు లెక్కల మాస్టారు."

"లెక్కల మాస్టారి చెయ్యి కూడా పైకే ఉంది. లెక్క సరిపోయింది."

"పాలు పోసిందా, లేదా?"

"పోసింది. ఉప్పెక్కువైందని మీరన్నారు కాబట్టి పోసింది. ఇన్నేళ్లలో ఈ బడిలో మీ మాట నమ్మినది ఆ పిల్ల ఒక్కతే."

"ఉప్పు ఎక్కువ కాలేదు" అంది ఫ్రుమా తలుపు అవతలి నుంచి.

"మన నియమాలు ఆ పిల్లకి తెలియవు" అన్నారు రెబ్ ఫైవెల్. ఆయన బుగ్గలు ఎర్రబడుతున్నాయి.

"తెలిసినవాళ్లే రావాలంటే ఇక మనమెందుకు? తలుపుకి తాళమేసి పోదాం."

"బాగుంది. మరి అందరూ ఒక్కమాట మీదుంటే తీర్పు ఎందుకు చెల్లదో అది చెప్పు ముందు."

ఈ ప్రశ్నకి ఏడో తరగతిలో ఇలానా చెప్పిన జవాబులన్నీ ఆయన కొట్టిపారేశారు.

"శిక్ష వేసే ముందు న్యాయసభ ఒక రాత్రి ఆగాలి. నిందితుడి పక్షాన ఏమైనా దొరుకుతుందేమోనని వెతకడానికి. అందరూ దోషి అనేస్తే ఆ రాత్రి వెతికేవాడెవడు? అందుకని చెల్లదు. మనమెవరమూ వెతకలేదు, రెబ్ ఫైవెల్. మీరు వెతుకుతారులెమ్మని చేతులెత్తాం. నేనూ అంతే."

రెబ్ ఫైవెల్ గడ్డం దువ్వుకున్నారు.

"దీనికి నా దగ్గర జవాబు లేదు" అన్నారు.

లెక్కల మాస్టారు అప్రయత్నంగా లేచి నిలబడ్డాడు. తలుపు అవతల ఏదో పళ్లెం కింద పడింది. హీబ్రూ టీచరు చెయ్యి దిగింది, తర్వాత డ్రాయింగు టీచరుది. చివరికి పెర్ల్‌మట్టర్ ఒక్కరి చెయ్యే గాల్లో మిగిలింది. ఆయన దాన్ని కాసేపు చూసుకున్నారు.

"వచ్చే శుక్రవారం సూపు ఉంటుందా?" అని అడిగారు.

"ఉంటుంది" అంది తలుపు.

ఆయన చెయ్యి దించారు.

అందరూ కోట్లు వెతుక్కుంటుంటే ఇలానా ఆయన దగ్గరికెళ్లింది. గోధుమ రంగు కర్టెన్లలోంచి ఎండ ఆయన భుజాల మీద పడుతోంది.

"మీరు కావాలనే ఓడిపోయారు."

"నేనొప్పుకోను" అన్నారు రెబ్ ఫైవెల్.

వసారాలో ఆయన తాల్యా పక్కన కూర్చున్నారు. మార్సెల్ బస్సు హారన్ మోగిస్తున్నాడు.

"అందరం కలిసి నిన్ను పంపేయాలన్నాం. నేనూ అన్నాను."

"అవును రబ్బీ" అంది తాల్యా, సంచిని ఇంకాస్త గట్టిగా పట్టుకుని.

"అందుకే నువ్వు ఇక్కడే ఉంటున్నావు."

తాల్యా ఆయన్ని చూసింది. వెనక నిలబడ్డ ఇలానాని చూసింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి. "కాదు రబ్బీ. అందరూ పొమ్మంటే ఉండటం ఏమిటి? అదెలా కుదురుతుంది?"

"ఏమన్నావు?"

"అదెలా కుదురుతుంది అన్నాను."

"దానికి ముందు."

"కాదు అన్నాను."

రెబ్ ఫైవెల్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత బల్ల మీద ఆమె వైపు పూర్తిగా తిరిగి, చేతులు చాపి, మొదలుపెట్టారు. తాల్యా మధ్యలోనే అడ్డుపడింది. బయట హారన్ మళ్లీ మోగింది.

"బస్సు వెళ్లిపోతుంది, లేవండి ఇద్దరూ" అంది ఇలానా. "సోమవారం నుంచి తాల్యా పొద్దున్న ఫ్రుమా దగ్గర వంటగది నేర్చుకుంటుంది. మధ్యాహ్నం తల్మూద్ తరగతిలో, ఏడాది ఆఖరు దాకా, మీకు జోడీ."